బాగుపడిన మీటరు

పెద్దసిస్టరు మనిషిని చూస్తే జానెడు, నోరు చూస్తే బారెడు. ఆపరేషన్ థియేటరులో అందరూ ఆవిడను ఎదుట పెద్దసిస్టరని, వెనక చిటపటమ్మ అని పిలిచేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ ఊరుకునేది, ఆ పేరు తలుచుకునైనా జనం ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారని. గాజుగుడ్డ ముక్క ఒక్కటి లెక్క తప్పితే ఒంటికాలి మీద లేచేది. రెండు నిమిషాలు తక్కువ చేతులు కడుక్కొచ్చిన డాక్టరును, ఎంత చదువు చదివినవాడైనా సరే, మళ్లీ కుళాయి దగ్గరికి తరిమేది. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆ అంతస్తులో ఆవిడ చేత తిట్లు తినని మనిషి ఒక్కడే, పెద్దడాక్టరు. ఆయన కుట్టు వేస్తున్నప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు. అది ఆ థియేటరు పద్ధతి. ఆ పద్ధతికి అందరికంటే గట్టి కాపలా ఆవిడే.

పెద్దడాక్టరు చేసేది గుండె ఆపకుండా చేసే బైపాస్. కొన్నిచోట్ల గుండెను ఆపేసి, దాని పని ఒక యంత్రానికి అప్పగించి, తీరిగ్గా కుడతారు. ఇక్కడ గుండె తన మానాన తాను కొట్టుకుంటూనే ఉంటుంది. దాని మీదున్న పూడిపోయిన నాళానికి, వెంట్రుకకన్నా సన్నని దారంతో, కొత్త నాళాన్ని అతుకుతారు. గుండెకు ముందువైపున్న నాళాలతో పెద్ద తిప్పలు లేవు. వెనకవైపు నాళం చేతికి అందాలంటే మాత్రం గుండెను కొన దగ్గర పట్టి పైకెత్తి తిప్పాలి. చేత్తో పడితే జారుతుంది, అందుకని ఒక పరికరం వచ్చింది. ఒక ఇనుప చెయ్యి, దాని చివర మెత్తటి రబ్బరు గిన్నె. గిన్నెను గుండె కొనకు ఆనించి, గోడలోంచి వచ్చే గొట్టంతో గాలి పీలిస్తే అది గుండెను కరుచుకుంటుంది. థియేటరు వాళ్లు దానికి పెట్టుకున్న పేరు జలగ.

జలగను నమ్మి ఎవరూ కునుకు తీయకూడదు. పట్టు చాలకపోతే గుండె జారిపడుతుంది. ఎక్కువైతే కండ కమిలిపోతుంది, చినిగినా చినుగుతుంది. పట్టు సరిగ్గా ఉన్నా సరే, అలా ఎత్తి తిప్పిన గుండె నిండుగా నిండదు, రక్తపోటు పడిపోతుంది. అందుకే గుండెను ఎత్తినప్పుడల్లా మత్తు డాక్టరమ్మ పక్కనుంచి అంకెలు చదువుతూ ఉంటుంది. పట్టు నాలుగువందలు దాటకూడదని పరికరంతో వచ్చిన పుస్తకంలో ఎర్రక్షరాలతో రాసి ఉంది.

రెండో నంబరు థియేటరు గోడకున్న మీటరు మాత్రం అబద్ధాలకోరు. అసలు పట్టు నాలుగువందలుంటే అది ఐదువందల యాభై చూపించేది. మూడేళ్ల కిందట ఈ సంగతి కనిపెట్టింది పెద్దసిస్టరే. తెల్ల ప్లాస్టరు ముక్క చించి, దాని మీద నల్ల సిరాతో 550 అని లావుగా రాసి, మీటరు అంచున ఆ అంకె పక్కనే అంటించింది. సూది ఆ ముక్క దగ్గరికి వస్తే పట్టు సరిపోయినట్టు. ఆ మర్నాటి నుంచే మీటరు మార్చమని కాగితాలు పెట్టడం మొదలుపెట్టింది. ఇరవైమూడు కాగితాలు పెట్టింది. పైవాళ్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

ఆ సోమవారం బల్ల మీదికి వచ్చినవాడు సిటీబస్సు డ్రైవరు. యాభై మూడేళ్ల భారీ మనిషి. పెద్దసిస్టరు అతని మణికట్టు పట్టీ మీద పేరు సరిచూస్తుంటే అతనికి ఊరుకోబుద్ధి కాలేదు.

“ఇంజను ఆపకుండానే రిపేరు చేస్తారంటగా సిస్టరమ్మా? మా డిపోలో ఆ పని చేస్తే మెకానిక్కును సస్పెండు చేస్తారు.”

“ఇక్కడ ముందు డ్రైవరును పడుకోబెడతాం. మీ డిపోలో ఆ సౌకర్యం లేదుగా,” అంది ఆవిడ.

అతను బల్ల కదిలేలా నవ్వాడు. “మా ఆవిడ బయట కూర్చుంది. వట్టి భయస్తురాలు. కాస్త చూస్తుండండి.”

ముందువైపు రెండు నాళాలూ చకచకా అయిపోయాయి. వెనకవైపు నాళం కోసం పెద్దడాక్టరు జలగను గుండె కొనకు ఆనించాడు. గోడ దగ్గరున్న టెక్నీషియన్, సూది ప్లాస్టరు ముక్క దగ్గరికి వచ్చేదాకా మర తిప్పాడు. ఏ పనైనా ఒకటికి రెండుసార్లు చూసుకుని గానీ చేయడు కాబట్టి అతనికి నిదానం అని పేరు. ఆ రోజు కూడా రెండుసార్లు చూసుకున్నాడు.

గుండె పైకి లేచింది. “తొంభై. ఎనభై రెండు. డెబ్బై నాలుగు సార్,” అంది మత్తు డాక్టరమ్మ.

“తలవైపు బల్ల దించండి. ఐదు కుట్లు, అంతే.”

మూడో కుట్టు పడుతుండగా పెద్దసిస్టరు చూసింది. రబ్బరు గిన్నె అంచు కింద గుండె కండ రంగు మారుతోంది. నేరేడుపండు రంగు. ఆ రంగు అక్కడ ఉండకూడదని ఆవిడకు తెలుసు. మాస్కు వెనక నోరు తెరిచింది. పెద్దడాక్టరు సూది నాళంలో ఉంది. రెండు కుట్లే కదా అనుకుంది. తెరిచిన నోరు మూసుకుంది.

ఐదో కుట్టు ముడి పడింది. పట్టు వదిలి గిన్నె తీయగానే, కమిలిన చోట కండ పెచ్చులా లేచి చినిగింది. రక్తం పెద్దడాక్టరు కళ్లద్దాల దాకా చిమ్మింది. ఆయన వేలు పెట్టి ఆపాడు. గుండె పని చేసిపెట్టే యంత్రాన్ని మూలనుంచి తెచ్చి తగిలించేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ మెదడుకు అందాల్సిన రక్తం అందలేదు. చిరుగు కుట్టి, మనిషిని ప్రాణంతో బల్ల మీంచి దించారు గానీ, ఆ మనిషి మళ్లీ కళ్లు తెరవలేదు.

బయట డ్రైవరు భార్య లేచి నిలబడింది. చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే సన్నని మనిషి. పక్కన డ్రైవరు అక్క, పెద్ద గొంతూ పెద్ద చేతిసంచీ ఉన్న ఆవిడ. పెద్దడాక్టరు మెల్లగా చెప్పాడు. “మీ ఆయన గుండె కండ బాగా మెత్తబడిపోయి ఉందమ్మా. తాకితే చినిగింది. మేం చేయగలిగినంతా చేశాం.”

పెద్దసిస్టరు ఆయన వెనకే ఉంది. ఆ మాట విన్నది, కాదనలేదు. అప్పటికి ఆవిడకూ అదే నిజం కావచ్చనిపించింది. మనిషికి తన తప్పు కాదనే మాట ఎంత తొందరగా నమ్మబుద్ధవుతుందో!

మంగళవారం పొద్దున థియేటరు కడిగాక ఆవిడకు మనసు నిలవక ఒక్కతే లోపలికి వెళ్లింది. గుండె కండ మెత్తబడితే ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నిసార్లు చూడలేదు? నిన్నటి గుండె అలా లేదు. గోడ దగ్గరికి వెళ్లి మీటరు వంక చూసింది. పాత మీటరు అద్దం మీద ఒక పగులు ఉండేది. ఈ అద్దం నున్నగా ఉంది. ప్లాస్టరు ముక్క మాత్రం అదే, చేతిరాత తనదే.

రబ్బరు గిన్నె తెచ్చి గొట్టానికి తగిలించింది. గౌను చెయ్యి పైకి మడిచి, ముంజేతి మీద గిన్నె ఆనించి, సూది 550కి వచ్చేదాకా మర తిప్పింది. మూడేళ్ల కిందట కూడా ఇలాగే చేతి మీద పెట్టి చూసుకుంది. అప్పుడు చర్మం ఎర్రబడి, పావుగంటలో మామూలైంది. ఇప్పుడు ఐదు నిమిషాలు తిరక్కుండానే నరం పీకినట్టు నొప్పి పుట్టింది. తీసి చూస్తే గుండ్రంగా, నల్లగా కమిలిన మచ్చ.

ఆవిడ మెట్లు దిగిన ఊపుకు ఎదురొచ్చినవాళ్లు గోడకు అతుక్కుపోయారు. కింది అంతస్తులో పరికరాల మెకానిక్కు స్టూలు మీద కూర్చుని ఏదో పంకా విప్పుతున్నాడు.

“రెండో థియేటరు మీటరు ఎవడు మార్చాడు?”

“నేనే సిస్టరమ్మా,” అన్నాడతను సంతోషంగా. “శనివారం సాయంత్రం కొత్తది బిగించాను. మూడేళ్ల నుంచి మొత్తుకుంటున్నారుగా.”

“మార్చినవాడివి నోరు తెరిచి చెప్పవద్దటయ్యా?”

“పైన ఎవరూ లేరప్పుడు. మా రిజిస్టరులో రాశాను, చూసుకోండి.”

“మీ రిజిస్టరు నీ స్టూలు కింద ఉంటుంది! దాన్ని చదవడానికి మేమంతా నేల మీద పాక్కుంటూ రావాలా? ఆ ప్లాస్టరు ముక్క ఎందుకు అంటించావు దానికి?”

మెకానిక్కు ముఖం చిన్నబోయింది. “మీరు స్వయంగా రాసింది కదమ్మా. పారేస్తే మీరు చంపేస్తారని, చిరగకుండా తీసి జాగ్రత్తగా అంటించాను.”

అగ్గిమీద గుగ్గిలం వేసినట్టు భగ్గుమనాల్సిన మనిషి, ఆ మాటకు చల్లబడి గోడను ఆనుకుంది. వీడిని ఏమని తిట్టాలి? చెడిపోయిన మీటరుతో మూడేళ్లు ఒక్క ప్రాణం పోలేదు. బాగుపడిన మీటరు రెండు రోజుల్లో ఒక మనిషిని ఈ గతికి తెచ్చింది. బాగుచేయమని అడిగింది తను. తప్పుడు అంకె రాసింది తను. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇందులో తన పిడికిలి చాలా పెద్దది.

పైకి వచ్చి ముందు ప్లాస్టరు పీకేసింది. థియేటరు మనుషులందరినీ వరసగా నిలబెట్టి, ఇక నుంచి నాలుగువందలు, ఒక్క గీత దాటినా ఊరుకోనని చెప్పింది. నిదానం అంతా విని, తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

తర్వాత పెద్దడాక్టరు గదికి వెళ్లి, గౌను చెయ్యి మడిచి మచ్చ చూపించి, సంగతంతా చెప్పింది. ఆయన ఆ మచ్చను దగ్గరగా చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఏడేళ్లలో ఎన్ని వందల మందిని బతికించాడో ఆవిడకు తెలుసు. కానీ ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “ఇంకా ఎవరికైనా చెప్పారా?” అన్నది.

ఆ మాటతో ఆవిడ ఒళ్లు మండిపోయింది. “మా థియేటరు వాళ్లకి చెప్పాను. ఆయన భార్యకి చెప్పాల్సింది మీరు.”

“చెబుతాను సిస్టర్. మనిషి లేవనివ్వండి. కళ్లు తెరిచాక నేనే కూర్చోబెట్టి చెబుతాను. ఇప్పుడు చెప్పామనుకోండి, పైవాళ్లు ముందు వెతికేది మర తిప్పిన చెయ్యి ఎవరిదని. నిదానానికి ముగ్గురు పిల్లలు.” కాస్త ఆగి, “ఆ అంకె మీ చేతిరాత,” అన్నాడు.

బెదిరింపుగా అనలేదు. కానీ బెదిరింపు చేయాల్సిన పని ఆ మాట చేసింది. ఆవిడకు పెన్షను ఇంకా ఏడాదిన్నర దూరంలో ఉంది. మనిషి లేచాక చెబుతానన్నాడు కదా, లేస్తాడేమో, అనుకుని బయటికి వచ్చింది. ఆ ‘లేస్తాడేమో’ను పట్టుకుని రెండు రోజులు వేలాడింది.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం పెడుతున్న చప్పుడుకే ఆవిడ భర్తకు అర్థమైంది. ఆయన బ్రేకుల మెకానిక్కుగా రిటైరయ్యాడు. అత్తగారికి చెవుడు. రేడియో వినబడదు, తలుపు చప్పుడు వినబడదు, కోడలి కోపం మాత్రం ఎలాగో వినబడుతుంది. “ఇవాళ ఎవరితో?” అంది పక్కగదిలోంచి.

“ఎవరితోనూ కాదత్తయ్యా, నాతోనే!” అని అరిచి, ఆవిడ భర్తకు మొదటి నుంచీ చెప్పింది.

ఆయన విని తల ఊపాడు. “బ్రేకు వదులైన బండిని ఏళ్ల తరబడి నడిపినవాడికి గట్టిగా తొక్కడం అలవాటైపోతుంది. మనం బిగించి ఇచ్చామనుకో, తాళాలతో పాటు చెప్పాల్సిన మొదటి మాట, ‘మెల్లగా తొక్కు బాబూ’ అని. చెప్పకుండా ఇస్తే మొదటి మలుపులోనే పల్టీ.”

“అయితే తప్పు బిగించినవాడిదా, తొక్కినవాడిదా?”

“పక్క సీట్లో ఎవరైనా ఉన్నారా?” అన్నాడాయన. “బండి పక్కకి లాగుతుంటే చూసినవాళ్లు?”

ఆవిడ చేతిలో మూత గోడకు తగిలి గింగిరాలు తిరిగింది. “ఉన్నాను! నేనే ఉన్నాను! కళ్లారా చూశాను! చాలా?”

“నా మీద అరిస్తే ఏమొస్తుందే,” అన్నాడాయన మూత తీసి పక్కన పెడుతూ. “నేను నీకు ఎప్పుడూ దొరికేవాణ్ణే.”

బుధవారం మధ్యాహ్నం ఐసీయూ ముందున్న వరండాలో పెద్దసిస్టరు ఆగిపోవాల్సి వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీల వరస చివర డ్రైవరు భార్య తల వంచుకుని కూర్చుంది. ఎదురుగా ఆడపడుచు నిలబడి, వరండా అంతటికీ వినబడేలా కడిగేస్తోంది.

“డాక్టరు నోటితో చెప్పాడు, గుండె మెత్తబడిపోయిందని! మెత్తబడదా మరి? ఏళ్ల తరబడి నూనెలో ముంచి పెట్టావు. వేపుడు లేనిదే ముద్ద దిగనట్టు అలవాటు చేశావు. మా అమ్మ చేతి కింద పెరిగినప్పుడు వాడు ఇనుపగుండులా ఉండేవాడు!”

“ఆయనే అడిగేవారు వదినా...”

“అడిగితే విషం కూడా పెడతావా?”

చొక్కాలకు కాజాలు కుట్టే ఆ వేళ్లు ఒడిలో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఆమె ఎదురు చెప్పలేదు. ఆడపడుచుకు భయపడి కాదు. ఆమె అప్పటికే ఆ మాట నమ్మేసింది.

పెద్దసిస్టరు పళ్లు కొరుక్కుంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మనిషి లేచాక, అనుకుంది. నిదానం పిల్లలు, అనుకుంది. మింగలేక కక్కలేక, పక్కనుంచి గబగబా నడిచి వెళ్లిపోయి, లోపల ఎవరో సబ్బు పెట్టె మూత వేయలేదని ఇద్దరిని ఏడిపించింది.

గురువారం పొద్దున ఏడున్నరకు డ్రైవరు పోయాడు.

ఎనిమిదింటికి పెద్దసిస్టరు పెద్దడాక్టరు గదిలో ఉంది. బల్ల మీద మరణ పత్రం. కారణం దగ్గర ఆయన అందమైన చేతిరాతలో, గుండె కండర బలహీనత అని ఉంది. కింద సంతకం కూడా అయిపోయింది.

“లేచాక చెబుతానన్నారు,” అంది.

“లేవలేదుగా సిస్టర్.” ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయనా సరిగ్గా నిద్రపోలేదు. “ఇప్పుడు చెప్పి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. పోయినవాడు ఎలాగూ రాడు. ఉన్న మనుషుల్ని కాపాడుకోవాలి. నేను రాసింది నా కోసం కాదు, మీ అందరి కోసం.”

ఇరవై ఏడేళ్లుగా ఆయన ముందు అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా లేచింది.

“మా కోసం అంటూ నా నెత్తిన పెట్టకండి సార్! మా కోసమే అయితే, మంగళవారమే ఆయన భార్యను పిలిచి, ఇదీ జరిగింది, మేం చేశాం అని చెప్పేవారు. మొన్న డెబ్బై నాలుగు అని ఆ మత్తు డాక్టరమ్మ నెత్తీనోరూ కొట్టుకుంటే ఐదు కుట్లన్నారు. కండ కమిలిపోతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. ఎందుకు? మీరు కుట్టేటప్పుడు మాట్లాడకూడదు! ఎవడు పెట్టాడు ఆ పద్ధతి? మీరు పెట్టారు, నేను కాపలా కాశాను. గాజుగుడ్డ కింద పడితే అరిచేదాన్ని, మనిషి పోతుంటే అరవలేదు. నా బతుక్కి ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంది? పైగా బయట ఆవిడ, తన వంట వల్లే మొగుడు పోయాడని కుమిలిపోతోంది. ఆ మాట మీరిచ్చిందే!”

“కూర్చోండి సిస్టర్.”

“నేను కూర్చోను.”

తలుపు తీస్తే ఎదురుగా నిదానం నిలబడి ఉన్నాడు. లోపలి మాటలన్నీ వినే ఉంటాడు. ఆవిడ ఆగింది. ఇతన్ని అడక్కుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

“ఏమయ్యా, చెప్పేస్తాను. నీ పేరు నా నోటి నుంచి రాదు. కానీ అడిగేవాళ్లు ఊరుకోరు.”

నిదానం ఎప్పటిలాగే కాస్త ఆలోచించాడు. “చెప్పక్కా,” అన్నాడు. “సోమవారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. ఇది ఎక్కడ దింపుకోను?”

వరండాలో ఆడపడుచు ఫోనులో బంధువులకు కబురు చెబుతోంది. డ్రైవరు భార్య అదే కుర్చీలో ఉంది. ఒడిలో భర్త బట్టల సంచీ. ఏడుపు అయిపోయినట్టుంది, ముఖం కడిగేసిన పలకలా ఉంది. పెద్దసిస్టరు ఆమె ముందు నేల మీద గొంతుక్కూర్చుంది.

“తల్లీ, నీతో ఒక మాట చెప్పాలి. విన్నాక నన్ను కొట్టినా సరే.”

ఆమె చూసింది.

“మీ ఆయన గుండె మెత్తబడలేదు. గుండెను ఎత్తి పట్టుకునే పరికరం ఒకటుంటుంది. దాని పట్టు ఎక్కువైపోయి కండ చినిగింది. పట్టు చూపించే మీటరు పాతది తప్పు చూపించేది, దానికి సరిపడా మేమొక అంకె పెట్టుకున్నాం. మీటరు మార్చేశారు, మాకు తెలీదు. పాత అంకెకే తిప్పాం. ఆ అంకె రాసింది నేను. కండ కమిలిపోతుంటే చూసింది నేను. నోరు మూసుకున్నదీ నేనే.”

ఆమెకు వెంటనే ఎక్కలేదు.

“అంటే... నూనె వల్ల కాదా?”

“నాళాలు పూడటం వేరే సంగతమ్మా. దానికెన్నో కారణాలు. అది బాగుచేయించుకోడానికే కదా మా దగ్గరికి వచ్చాడు. గుండె చినిగింది మాత్రం నీ వంట వల్ల కాదు. మా వల్ల.”

“వేపుళ్ల వల్ల కాదా?”

“కాదు తల్లీ.”

ఆమె సంచీని పక్క కుర్చీలో పెట్టింది. లేచి, పెద్దసిస్టరు మణికట్టు పట్టుకుంది. కాజాలు కుట్టి కుట్టి కాయలు కాసిన వేళ్లు, సన్నగా ఉన్నా పట్టు గట్టిది. “పద,” అంది. “ఆయన దగ్గరికి పద. ఇదే మాట ఆయన నోటితో వినాలి.”

భయస్తురాలని మొగుడు చెప్పిన మనిషి తలుపు తట్టకుండా పెద్దడాక్టరు గదిలోకి నడిచింది. వెనకే ఆడపడుచు, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఏమైంది ఏమైందంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“డాక్టరుగారూ, నా మొగుడి గుండె మంచిదా, చెడ్డదా? ఒక్క ముక్క చెప్పండి.”

ఆయన పెద్దసిస్టరు వంక చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. ఆయన బల్ల మీది కాగితం వంక చూశాడు. కళ్లద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు. థియేటరులో ఆయన కుట్టు వేసేటప్పుడు ఉండే మౌనమే ఇక్కడా ఉంది. ఈసారి ఆ మౌనం ఆయన చేతిలో లేదు.

“మంచిదేనమ్మా,” అన్నాడు చివరికి. “కండ గట్టిగానే ఉంది. చినిగింది మా పరికరం వల్ల, మా పొరపాటు వల్ల. ఆ రోజు నాకు తెలియక అలా అన్నాను. కానీ మర్నాడే సిస్టర్ కనిపెట్టి చెప్పారు. తెలిశాక కూడా చెప్పలేదు.”

“రాయండి.”

ఆయన పాత కాగితం చించి కొత్తది తీశాడు. రాశాడు. ఆమె అందుకుని, ఒక్కో మాటా వేలు పెట్టి చదువుకుంది. చదివి, ఆడపడుచు చేతికిచ్చింది. “గట్టిగా చదువు వదినా. నిన్న వరండాలో అందరికీ వినబడేలా అన్నావుగా. అంత గట్టిగా చదువు.”

ఆ పెద్ద గొంతు రెండో వరుస దగ్గరే పూడిపోయింది. ఆడపడుచు కాగితం పట్టుకుని గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది. పెద్దసిస్టరు ఉండబట్టలేక డ్రైవరు భార్య భుజం మీద చెయ్యి వేయబోయింది. ఆమె విదిలించి కొట్టింది.

“ముట్టుకోకు నన్ను. మంచిదానివని చెప్పుకోడానికి వచ్చావా? మంగళవారమే తెలుసు మీ ఇద్దరికీ. మంగళవారం, బుధవారం ఆయన ఉన్నాడు.” ఆమె గొంతు ఇప్పుడు అంతస్తు అంతా వినబడుతోంది. ఎవరూ ఆపలేదు. “ఆ రెండు రోజులూ, లోపలికి పోనిచ్చినప్పుడల్లా, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను నేను. నా చేతి తిండితో నిన్ను చంపుకున్నాను, క్షమించు, క్షమించు అని చెవిలో చెబుతూనే ఉన్నాను. ఆయన అది వింటూ పోయాడు. ఇప్పుడు వెళ్లి, కాదయ్యా, నేను కాదు అని ఎవరికి చెప్పమంటారు?”